నాకెందుకీ ప్రైవసీ గోల? ఫోను, డబ్బు, డిజిటల్ కరెన్సీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

చుట్టాలు, స్నేహితులు, ఆఫీసులో తోటివాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కొన్నిటికి సూటి జవాబు ఉంది, కొన్ని నా అభిప్రాయాలు. ఏది ఏదో చదువుతుంటేనే తెలిసిపోతుంది.

నేనేం తప్పు పని చేయట్లేదు. నా దగ్గర దాచుకోవడానికి ఏముందని ఈ ప్రైవసీ గోల?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు అన్నిటికంటే బాధ కలిగించేదీ ఇదే. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీదున్న వేలిముద్రలను రబ్బరు స్టాంపులుగా తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. సేల్స్ టార్గెట్ కోసం చేశాడట. పొలం అమ్ముకున్న రైతు, ఇల్లు కొనుక్కున్న టీచరమ్మ అక్కడ చేసిన తప్పేంటి? ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి చట్టం చెప్పినట్టు వేలిముద్ర వేశారు, అంతే. ఆ తర్వాత ఇదే తరహా దొంగ వేలిముద్రలతో, ఆధార్ ఆధారంగా డబ్బు తీసే ఏఈపీఎస్ మెషీన్ల మీద జనం ఖాతాలు కూడా ఖాళీ చేశారు.

లోన్ యాప్‌ల సంగతీ అంతే. 2020 చివర్లో హైదరాబాద్‌లో పోలీసులు వరసగా కాల్ సెంటర్ల మీద దాడులు చేసిన రోజులు గుర్తున్నాయి కదా. ఐదు వేలో పది వేలో అప్పు ఇచ్చేటప్పుడు ఆ యాప్ 'కాంటాక్ట్స్ చూడనివ్వు, ఫొటోలు చూడనివ్వు' అని అడిగింది, అవసరంలో ఉన్న మనిషి సరే అన్నాడు. కిస్తీ ఆలస్యమైన మర్నాడే అతని బావమరిదికి, ఆఫీసు మేనేజర్‌కి, ఎప్పుడో నంబర్ సేవ్ చేసుకున్న గ్యాస్ డెలివరీ అబ్బాయికి 'వీడు దొంగ' అని మెసేజ్‌లు వెళ్లాయి, ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపారు. ఆ అవమానం భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ దాచుకోవాల్సిన పనులు చేసినవాళ్లు కాదు. అప్పు ఇచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైళ్ల జోలికి వెళ్లకూడదని 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు తెచ్చింది, అప్పటికే చాలా ఆలస్యమైపోయింది.

ప్రైవసీ అంటే మన వివరాలు ఎవరి చేతిలో ఉండాలో మనం నిర్ణయించుకోవడం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఇది ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. కాబట్టి ఎవరైనా 'దాచుకోవడానికి ఏముంది' అంటే, నా వివరాలు నీకెందుకో ముందు నువ్వు చెప్పు అని అడగండి. సంజాయిషీ ఇవ్వాల్సింది అడిగేవాళ్లే.

హోటల్లో, జిరాక్స్ షాపులో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆధార్ అడుగుతున్నారు. ఇవ్వాలా?

గుర్తింపు చూపించాల్సిన చోట వేరే కార్డు చాలు, ఆధారే ఇవ్వాలనుకుంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు ఆ ఆప్షన్ ఉంటుంది, మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే కనిపిస్తాయి. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా తేదీ వేసి, ఏ పని కోసమో, ఎవరికి ఇస్తున్నారో రాసి సంతకం పెట్టండి.

అంతకంటే ముఖ్యం బయోమెట్రిక్ లాక్. ఏఈపీఎస్‌లో డబ్బు తీయడానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. అందుకే మీ వేలిముద్రలను ఉడాయ్ యాప్‌లో లాక్ చేసి పెట్టుకోండి, రేషన్‌కో పెన్షన్‌కో అవసరమైనప్పుడు కాసేపు అన్‌లాక్ చేయవచ్చు. ప్రతి నెలా వేలిముద్రతో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లకు ఇది ఇబ్బందే, ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలి. లాక్ వేసి చెప్పకుండా వెళ్లిపోతే వాళ్ల పెన్షన్ ఆగిపోతుంది.

వాట్సాప్ మెసేజ్‌లు నిజంగా ఎవరూ చదవలేరా?

దారిలో చదవలేరు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో వ్యక్తిగత మెసేజ్‌లన్నీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తున్నాయి. మీ ఫోన్‌లో లాక్ అయిన మాట అవతలివాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, మధ్యలో ఉన్న వాట్సాప్ కంపెనీకి కూడా తాళంచెవి ఉండదు. ఇందులో వాడిన పద్ధతి సిగ్నల్ అనే ఇంకో మెసేజింగ్ యాప్ తయారుచేసినవాళ్లది, దాన్ని ప్రపంచంలో ఎవరైనా తీసి పరీక్షించవచ్చు, పరీక్షించారు కూడా.

అయితే చాలామంది చూడని సందులు మూడున్నాయి. ఒకటి, బ్యాకప్. గూగుల్ ఖాతాలోకి వెళ్లే బ్యాకప్‌కు ఈ రక్షణ దానంతట అదే రాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేయాలి, 2021 నుంచి ఆ సౌకర్యం ఉంది. రెండోది, ఎవరితో ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారన్న వివరం. మాట దాగినా ఈ లెక్క కంపెనీకి తెలుస్తుంది, దాన్నిబట్టి చాలా ఊహించవచ్చు. మూడోది మనుషులు. రెండొందల మంది ఉన్న గ్రూపులో పెట్టిన మాట ఎంత ఎన్‌క్రిప్ట్ అయినా రహస్యం కాదు, ఒక్కరు స్క్రీన్‌షాట్ తీస్తే చాలు.

మరి టెర్రరిస్టులు, దొంగలు వాడుకుంటున్నారు కదా. ఒక తాళంచెవి ప్రభుత్వం దగ్గర ఉంటే తప్పేంటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల భయం నిజమైనదే, నేను దాన్ని కొట్టిపారేయను. కానీ 'మంచివాళ్లకు మాత్రమే తెరుచుకునే తలుపు' అనేది సాఫ్ట్‌వేర్‌లో కుదరదు. గ్రీస్‌లో 2004, 2005లో ఏం జరిగిందో చూడండి. చట్టబద్ధంగా ఫోన్లు వినడానికి ఒక మొబైల్ కంపెనీ ఎక్స్‌ఛేంజీల్లో ఉన్న ఏర్పాటునే ఎవరో చొరబడి వాడుకుని, సాక్షాత్తూ ప్రధానమంత్రితో సహా వందమంది దాకా ప్రముఖుల ఫోన్లు నెలల తరబడి విన్నారు. 2024లో అమెరికాలో మళ్లీ అదే కథ. చైనాకు చెందిన సాల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల బృందం పెద్ద టెలికాం కంపెనీల్లోకి దూరి, కోర్టు ఆర్డర్లతో ఫోన్లు వినే వ్యవస్థల దాకా వెళ్లింది. ఏళ్ల తరబడి ఎన్‌క్రిప్షన్ మీద ఫిర్యాదు చేసిన అమెరికా అధికారులే ఆ డిసెంబర్‌లో, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడండని జనానికి సలహా ఇచ్చారు.

మన దేశంలో 2021 ఐటీ నిబంధనలు, మెసేజ్ మొదట ఎవరు పంపారో పెద్ద యాప్‌లు చెప్పగలగాలి అంటున్నాయి. వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్ బద్దలుకొట్టమంటే భారత్ వదిలి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో కోర్టులోనే చెప్పింది. ఆ కంపెనీ మీద నాకు ప్రేమేం లేదు, మన వివరాలతో వ్యాపారం చేసుకునే సంస్థ అది. కానీ ఈ ఒక్క విషయంలో దాని వాదన సరైనదే. మొదట ఎవరు పంపారో కనిపెట్టాలంటే ప్రతి ఒక్కరి ప్రతి మెసేజ్‌కూ గుర్తు వేసి దాచాలి. పదిమంది నేరస్తుల కోసం కోట్లమందిని అనుమానితుల జాబితాలో పెట్టడమే అది. పోలీసులకు నేరస్తుడి ఫోన్ దొరికితే అందులో మెసేజ్‌లు ఉంటాయి, కాల్ రికార్డులు ఉంటాయి, బ్యాంకు లావాదేవీలు ఉంటాయి. కేసులు చాలావరకు వాటితోనే తేలుతున్నాయి.

పోలీసులు రోడ్డు మీద ఆపి ఫోన్ అన్‌లాక్ చేయమంటే?

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఇది జరిగింది. బండి మీద వెళ్తున్న కుర్రాళ్లను ఆపి, వాట్సాప్‌లో 'గంజాయి' అనే మాట వెతికిన వీడియోలు బయటికొచ్చాయి. బలవంతం చేయలేదు, వాళ్లే చూపించారు అన్నారు పోలీసులు. రాత్రిపూట యూనిఫాంలో ఉన్న నలుగురు చుట్టూ నిలబడి అడిగితే పద్దెనిమిదేళ్ల కుర్రాడు కాదనగలడా? మర్యాదగా, గొంతు పెంచకుండా, 'సార్, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు, నోటీసు ఉందా' అని అడగండి. గొడవ పెట్టుకోమని మాత్రం చెప్పను, అక్కడ వాదించి గెలిచేదేం లేదు. ఫిర్యాదు తర్వాత చేయవచ్చు.

సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే నమ్మొచ్చా?

నమ్మకూడదు. మీకూ ఆ సైట్‌కూ మధ్య మాట ఎవరూ వినలేరని మాత్రమే ఆ గుర్తుకు అర్థం, అవతల ఉన్నది దొంగ కాదని కాదు. ఆ గుర్తు రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ దొంగ సైట్లకూ ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తు తీసేసింది. బ్యాంకు సైట్ అయితే అడ్రస్ చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందేమో చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు దానికి మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది, బ్యాంకులు కానివాళ్లకు అది దొరకదు.

పాస్‌వర్డ్ ప్రతి నెలా మార్చాలా?

అక్కర్లేదు. నెలనెలా మార్చమంటే మనుషులు చివర ఒక అంకె పెంచుతారు, అంతకుమించి ఏం చేయరు. ఒక సైట్‌లో పెట్టింది ఇంకో సైట్‌లో పెట్టకపోవడం అసలు సంగతి. ఈమెయిల్ పాస్‌వర్డ్ పోతే మిగతావన్నీ పోయినట్టే, ఎందుకంటే 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' లింకులన్నీ అక్కడికే వస్తాయి. దానికి పొడుగాటిది ఒకటి పెట్టండి. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాస్తే మీకు గుర్తుంటుంది, హ్యాకర్‌కు దొరకదు. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా ఆన్ చేయండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం నేరమేం కాదు, మీ బీరువా దాకా విదేశీ హ్యాకర్ రాడు.

డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి అంటున్నారు. కొట్టాలా?

వద్దు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, ఎప్పుడూ లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

మా గ్రూపులో తెలిసినాయనే పీఎం కిసాన్ ఫైల్ పెట్టాడు. తెలిసినవాళ్లు పంపింది కూడా నమ్మకూడదా?

ఇది నెమ్మదిగా చదవండి, ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మెసేజ్ వస్తుంది, కింద ఒక ఫైలు. పేరు 'పీఎం కిసాన్' అనో, 'ట్రాఫిక్ చలాన్' అనో, 'పెళ్లి శుభలేఖ' అనో ఉంటుంది, చివర డాట్ ఏపీకే అని ఉంటుంది. ఆ చివరి మూడు అక్షరాలే కీలకం. శుభలేఖ అయితే ఫొటో రావాలి, లేదా పీడీఎఫ్ రావాలి. ఏపీకే అంటే అది యాప్, ప్రోగ్రామ్. నొక్కితే 'తెలియని చోటి నుంచి వచ్చిన యాప్, హాని చేయవచ్చు' అని ఫోనే హెచ్చరిస్తుంది. కంగారులో దాన్ని దాటేస్తాం. తర్వాత ఎస్‌ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, సరే అంటాం. చాలాసార్లు ఆ యాప్ గుర్తు స్క్రీన్ మీంచి మాయమైపోతుంది, పని చేయలేదేమో అనుకుని వదిలేస్తాం. ఆ క్షణం నుంచి మీకొచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికి చేరుతుంటుంది. వాడు ఓటీపీ అడగాల్సిన పనే లేదు. 'ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది' అని బ్యాంకులో మొత్తుకునే పెద్దాయన అబద్ధం ఆడట్లేదు. అదే ఓటీపీతో మీ వాట్సాప్ కూడా తీసుకుని మీ గ్రూపులన్నిటికీ అదే ఫైలు పంపుతాడు. తెలిసినాయన దగ్గర్నుంచి వచ్చిందంటే ఆయన పంపలేదు, ఆయన ఫోన్ పంపింది.

పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే ఫోన్‌లో ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపేయండి. ఇంట్లో వేరే ఫోన్‌తో బ్యాంకుకు చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి దాన్ని తీసేయండి. ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంకా మంచిది.

సీబీఐ నుంచి అంటూ వీడియో కాల్ వచ్చింది, డిజిటల్ అరెస్ట్ అన్నారు...

అలాంటి అరెస్ట్ మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో డబ్బు ట్రాన్స్‌ఫర్ చేయమనరు. ఇందులో చిక్కుకుంటున్నవాళ్లలో రిటైర్డ్ అధికారులు, డాక్టర్లు ఉన్నారు. చదువు లేక మోసపోతున్నారని ఎవరూ అనుకోవద్దు. మోసగాళ్లు వాడుకునేది ఒంటరితనాన్ని, పరువు భయాన్ని. 'ఎవరికీ చెప్పొద్దు, కెమెరా ఆపొద్దు' అనేదే వాళ్ల పనిముట్టు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడ అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్న ఇళ్లకు ఇది మరీ ప్రమాదం. మీ అబ్బాయి అక్కడ అరెస్టయ్యాడు అన్నా అర్ధరాత్రి చెక్ చేసుకోవడం ఎలాగో తెలియక నమ్మేస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లకు నా మనవి: ఇంటివాళ్లతో ముందే ఒక రహస్య మాట అనుకోండి, అది చెప్పనిదే ఎవరు ఫోన్ చేసినా రూపాయి కదలకూడదు. 'అమ్మా, నీకు ఏ టైమ్‌లో అనుమానం వచ్చినా నన్ను లేపు, విసుక్కోను' అని నోటితో చెప్పండి.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇది చదవడం కూడా ఆపి చేయండి. మోసగాడి ఖాతాలోంచి డబ్బు వేరే ఖాతాలకు పాకేలోపు ఆపగలిగితేనే మిగులుతుంది, అందుకే మొదటి గంట అంత ముఖ్యం. లావాదేవీ నంబర్, టైమ్, ఎంత పోయిందో దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇంకొకటి, దాని అక్నాలెడ్జ్‌మెంట్ తప్పకుండా తీసుకోండి. బ్యాంకు తప్పు, మీ తప్పు రెండూ లేకుండా పోయిన డబ్బుకు మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మీ బాధ్యత సున్నా అని రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలోనే సర్క్యులర్ ఇచ్చింది. మీరే పిన్ చెప్పి ఉంటే అప్పటిదాకా పోయింది మీ మీదే పడుతుంది, కానీ ఫిర్యాదు చేశాక పోయేది బ్యాంకు భరించాలి. కౌంటర్లో 'మా చేతిలో ఏం లేదండి' అంటే ఈ సర్క్యులర్ పేరు చెప్పండి.

ఇంకో మాట. పోగొట్టుకున్నవాళ్లను ఇంట్లో తిట్టకండి. తిడతారన్న భయంతోనే చాలామంది రెండు రోజులు దాస్తారు, ఆ రెండు రోజుల్లోనే డబ్బు చేజారిపోతుంది.

బిట్‌కాయిన్‌లో ఎవరు ఎవరికి పంపారో తెలియదట కదా?

పూర్తిగా తప్పు. బిట్‌కాయిన్ లెక్కల పుస్తకం గుడి గోడ మీద దాతల పేర్లు చెక్కిన పలకలా అందరికీ కనిపిస్తుంది, ఎప్పటికీ చెరిగిపోదు. పేర్లకు బదులు పొడుగాటి నంబర్లు ఉంటాయి, అంతే తేడా. ఆ నంబర్ మీదేనని ఒక్కసారి తెలిస్తే మొదటి నుంచి దాని చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. 2016లో బిట్‌కాయిన్లు కొని అమ్మే బిట్‌ఫినెక్స్ ఎక్స్‌ఛేంజ్ నుంచి కొట్టేసిన దాదాపు లక్షా ఇరవై వేల బిట్‌కాయిన్లను ఎన్ని చేతులు మార్చినా, 2022లో అమెరికా అధికారులు జాడ పట్టి, వాటిలో 94 వేలకు పైగా స్వాధీనం చేసుకున్నారు. మన దేశంలో ఎక్స్‌ఛేంజ్‌లో కొనాలంటే పాన్, ఆధార్ ఇచ్చే కొంటారు. 2023 మార్చి నుంచి అవి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ప్రైవసీ కోసం బిట్‌కాయిన్ కొంటానంటే వద్దనే చెబుతాను.

సరే, లాభం కోసం కొనొచ్చా? అసలు చట్టబద్ధమేనా?

నిషేధం లేదు. రిజర్వ్ బ్యాంక్ 2018లో బ్యాంకులను దీనికి దూరంగా ఉండమన్న సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాగని అది మన దేశంలో చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. పన్ను మాత్రం గట్టిగా ఉంది: 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, అదే జులై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. నష్టాన్ని లాభంలోంచి తీసేయడానికి లేదు. అంటే ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వస్తే మీకు మిగిలింది సున్నా, కట్టాల్సింది సెస్‌తో కలిపి 31,200.

ఎక్స్‌ఛేంజ్‌లో పెట్టిన కాయిన్ల తాళంచెవి వాళ్ల దగ్గరుంటుంది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టోను, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లను, దొంగలు పట్టుకుపోయారు, తర్వాత అది ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రకటించాయి. ఖాతాదారులు ఏడాదికి పైగా ఎదురుచూశారు, 2025 అక్టోబర్ దాకా ట్రేడింగ్ మళ్లీ మొదలవ్వలేదు. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది, ఇక్కడ అదీ లేదు. పోయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది అనుకున్నంత డబ్బే పెట్టండి. టెలిగ్రామ్ గ్రూపులో రోజూ రెండు శాతం ఇస్తామనేవాళ్ల దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు, అది క్రిప్టో కాదు, గొలుసుకట్టు మోసం.

రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రూపాయికీ ఫోన్‌పేకీ తేడా ఏంటి?

యూపీఐలో కదిలేది మీ బ్యాంకు ఖాతాలోని డబ్బు. డిజిటల్ రూపాయి అంటే ఆ డబ్బే నోటు రూపంలో వాలెట్‌లో ఉండటం, హామీ నేరుగా రిజర్వ్ బ్యాంక్‌ది, వడ్డీ రాదు. 2022 డిసెంబర్ 1న ముంబై, ఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్‌లలో మొదలుపెట్టి హైదరాబాద్‌కూ తెచ్చారు. కూరగాయలు కొనేవాళ్లకు ఇప్పటికైతే దీంతో యూపీఐ కంటే పెద్ద ఉపయోగం కనిపించదు.

నా అభ్యంతరం ప్రైవసీ గురించి. చేతిలోని వంద నోటు ఎక్కడ ఖర్చయిందో ఎవరికీ తెలియదు, దాని గొప్పతనమే అది. డిజిటల్ రూపాయిని ఫలానా పనికే, ఫలానా గడువులోపే ఖర్చయ్యేలా తయారుచేయవచ్చు, దాని మీద ప్రయోగాలు కూడా జరుగుతున్నాయి. ఎరువుల సబ్సిడీ దారి తప్పకుండా చూడటానికి అది మంచిదే కావచ్చు. కానీ అదే సౌకర్యంతో రేపు ఎవరి డబ్బు ఎక్కడ ఖర్చు కాకూడదో కూడా నిర్ణయించవచ్చు. చిన్న మొత్తాలకు నగదులాంటి గోప్యత ఉంటుందని చట్టంలో రాసేదాకా నేను నగదు కూడా దగ్గర పెట్టుకుంటాను, మీరూ పెట్టుకోండి.

మన వివరాలు లీకైతే కొత్త చట్టం వచ్చింది కదా, పరిహారం వస్తుందా?

రాదు, ఇది తెలిసినప్పటి నుంచి నాకు కోపంగా ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు పడటానికి అక్కడినుంచి ఇంకో ఏడాదిన్నర గడువిచ్చారు. సరిగ్గా కాపాడని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా ఉంది. వినడానికి బాగుంది. కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది, వివరాలు పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. పాత ఐటీ చట్టంలో 43ఏ అని ఒక సెక్షన్ ఉంది, కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లు పరిహారం అడగడానికి దారి అదే. కొత్త చట్టం దాన్ని ఎత్తేస్తోంది. పైగా కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో మినహాయింపు ఇవ్వవచ్చు.

ఉపయోగపడే హక్కులూ ఉన్నాయి. మీ గురించి ఏ వివరాలు ఉన్నాయో అడగవచ్చు, తప్పులుంటే దిద్దించవచ్చు, అవసరం తీరాక తీసేయమనవచ్చు, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఈ నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజు మీ లోన్ యాప్‌కు, మీ పిల్లల స్కూల్ యాప్‌కు, మీరు టెస్టులు చేయించుకున్న ల్యాబ్‌కు ఈమెయిల్ పెట్టి అడగండి. పరిహారం హక్కు తిరిగి ఇవ్వమని మీ ఎంపీకి కూడా ఒక ఉత్తరం రాయండి, ఆ సెక్షన్ పేరు పెట్టి మరీ రాయండి.